ఉలిగప్ప అంచనా వేస్తే

హిందూపురంలో ఉలిగప్ప పక్కన కూర్చుని టీ తాగే ధైర్యం ఎవరికీ లేదు. టీ అయిపోతుంది, ఆయన మాట అయిపోదు. గ్లాసు కింద పెట్టి లేవబోయినవాణ్ణి భుజం నొక్కి కూర్చోబెట్టి, "ఆ తర్వాత ఏమైందో తెలుసునా?" అంటాడు. పనులున్నవాళ్లు ఆయన్ని దూరం నుంచే చూసి సందు మారిపోతారు. ధర్మవరంలో ఈ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. అందుకే ఆ ఎండాకాలం మధ్యాహ్నం కుళ్లాయప్ప టీకొట్టులో రంగనాయకమ్మ వచ్చి ఆయన బెంచీ మీదే నింపాదిగా కూర్చుంది.

రోడ్డుకు అవతల ఉన్నది రంగనాయకమ్మ పవర్‌లూమ్ షెడ్డు. ఆ పొద్దున ఉలిగప్పా, ఆయన బామ్మర్ది సురేంద్రా హిందూపురం నుంచి టెంపోలో ఒక స్టెబిలైజర్ తెచ్చి ఆ షెడ్డులో బిగించారు. వాళ్లు సొంతంగా తయారుచేసిన పెట్టె అది. రంగనాయకమ్మ పెట్టిన షరతు ఒక్కటే. మధ్యాహ్నం దాటాక పల్లెల్లో బోరు మోటార్లకు కరెంటు వదులుతారు. అప్పుడు ఊళ్లో వోల్టేజీ పడిపోయి మగ్గాలు మూలుగుతాయి, మూలిగి మూలిగి ఆగిపోతాయి. ఆ గండం ఒక్క మగ్గమూ ఆగకుండా దాటితే ఆమె షెడ్లకూ, ఆమె మాట మీద నడిచే చుట్టాల షెడ్లకూ వీళ్ల పెట్టెలే. ఒక్క మగ్గం ఆగినా పెట్టె తిరిగి టెంపో ఎక్కాలి.

పెట్టె టెంపో ఎక్కితే ఏమవుతుందో సురేంద్రకు బాగా తెలుసు. హిందూపురంలో వాళ్ల షెడ్డుకు తాళం పడుతుంది. బావ మాట నమ్మి బెంగళూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం వదులుకుని వచ్చినవాడు అతను. మళ్లీ ఆ గేటు దగ్గరికే వెళ్లి, వదిలిపోయిన పనే ఇవ్వమని అడగాలి. అంతకంటే ముందు ఇంట్లో భార్య నీలావతికి చెప్పాలి. అదే అతనికి ఎక్కువ భయం. అందుకే టీ నోట్లో పోసుకుంటున్నాడు గాని రుచి తెలియడం లేదు. చెవులు రెండూ రోడ్డవతల టకటకమంటున్న మగ్గాల మీదే ఉన్నాయి.

ఉలిగప్పకు ఆ దిగులేమీ లేదు. ఆయనకు కావలసింది వినేవాళ్లు. షెడ్డులో కరెంటు పనులు చూసే ఏసుదాసు స్తంభానికి ఆనుకుని నిలబడి, ఊరికే ఉండకుండా, "అన్నా, ఆ పెట్టె లోపల బోర్డుండాదే, ఆ డిజైను మీదేనా, బెంగళూరు నుంచి తెచ్చినారా?" అని అడిగాడు.

సురేంద్రకు టీ పొలమారింది. తెలిసినవాడెవడూ ఉలిగప్పను ఆ ప్రశ్న అడగడు.

"మాదేనా అంటాండావా?" ఉలిగప్ప తువ్వాలు తీసి మోకాలి మీద పరుచుకున్నాడు. "చెప్పుకొనేంత గొప్ప కాదులే, చిన్న పని. అక్కా, నువ్వూ విను. సిమ్యులేషన్ అని ఒగటి ఉండాది. వైరు కట్టకముందే, సోల్డరింగు చేయకముందే, బోర్డు ఎట్ల పనిచేస్తాదో కంప్యూటర్‌లో చూసుకొనేది. నేను ఆ డిజైను గీసి, పాత కంప్యూటర్ ఒగటి తెచ్చి, దాంట్లో పెట్టి మీట నొక్కితి. ఏమన్నాదో తెలుసునా? జవాబు కుదరలేదు అన్నాది. మల్ల నొక్కితి. కుదరలేదు. పొద్దన నొక్కినా అదే, సందకాడ నొక్కినా అదే."

"ఎందుకు కుదరదప్పా?" అంది రంగనాయకమ్మ.

"అడిగినావు చూడు, అదీ. రెసిస్టర్ ఉండాదే అక్కా, అది నీతిగల మనిషి. రెండింతలు తోస్తే రెండింతలు కరెంటు వదులుతాది. డయోడ్ అట్లాంటిది కాదు. రొంత తోస్తే పలకదు. ఇంకా రొంత తోసినా పలకదు. అర వోల్టు దాటినాక వేలితో తాకితే చాలు, చెరువుకట్ట తెగినట్ల వదిలేస్తాది. ఇట్లాంటోళ్లు పదిమంది చేరిన బోర్డులో వైర్లు కలిసే యా కూడలికాడ ఎంత వోల్టేజీ ఉండాదో చెప్పల్లంటే సూటి లెక్క లేదు. అంచనా వేయల్ల. అంచనా వేసి, కూడలికి వచ్చే కరెంటూ పోయే కరెంటూ సరిపోతాండాయా అని చూడల్ల. సరిపోకుంటే ఎంత తప్పినామో, ఎటు తప్పినామో, ఆడ వాలు ఎట్లుండాదో చూసుకొని, ఆ వాలెంబడి జారి మల్ల అంచనా. ఇంగ మల్ల. తేడా మాయమయ్యేదాంక అదే పని."

"నేను టీలో చక్కెర ఏసేది అట్లే," అన్నాడు కుళ్లాయప్ప గిన్నె దించుతూ. "రొంత ఏసి రుచి చూస్తా, మల్ల రొంత ఏస్తా."

"అంతే. కుళ్లాయప్పకు తెలిసింది, కంప్యూటర్‌కు తెలిసిరాలేదు."

ఇంతవరకూ అబద్ధం లేదు. నిజానికి సురేంద్రకు ఈ భాగం వింటుంటే బావ మీద గర్వంగా కూడా ఉంది. ఆ బోర్డు కుదరక బావ వారాల తరబడి అన్నం మరిచి ఆ తెర ముందు కూర్చున్నాడు, గడ్డం పెంచుకున్నాడు, పిలిస్తే పలకలేదు. చివరికి పట్టు దొరికించుకున్నాడు. జరిగింది జరిగినట్టు చెబితే చాలునే అని సురేంద్రకు ఎన్నోసార్లు అనిపించింది. కానీ జరిగింది జరిగినట్టు చెబితే అది ఉలిగప్ప చెప్పినట్టే కాదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసునా?" ఉలిగప్ప గొంతు ఒక మెట్టు పైకెక్కింది. "అది డయోడ్‌కాడ అంచనా రొంత ఎక్కువేసింది. రొంతే. ఇంగ చూడు. దేశంలో ఉండే కరెంటంతా ఆ వడ్లగింజంత డయోడ్‌లో పారుతాందని లెక్క తేలినాది. అంకె పక్కన సున్నా, సున్నా పక్కన సున్నా. తెర నిండినాయి. తెర చాలక అంచుమీద నుంచి జారి కీబోర్డు మీద పడినాయి. కీబోర్డు మీద నుంచి నేలమీద పడినాయి. నేనేమో కాళ్లు పైకి పెట్టుకొని కూర్చుంటి. మా ఇంటామె సుశీలమ్మ చీపురు తెచ్చి ఊడ్చి చాటకెత్తి బయట పోసినాది. కావాలంటే నా బామ్మర్దిని అడుగు."

అందరూ సురేంద్ర వైపు చూశారు.

"అక్క ఊడ్చింది నిజమే," అన్నాడు సురేంద్ర. అక్క రోజూ ఊడుస్తుంది మరి.

"విన్యారు గదా." ఉలిగప్ప బామ్మర్ది మణికట్టు పట్టుకున్నాడు. సాక్షి పారిపోకుండా అన్నమాట. "అప్పుడు నాకు తిక్కరేగినాది. ఏమే, నీకు తెలిసిన చోట నుంచి మొదలుపెట్టకుండా తెలియని చోట ఎగురుతాండావు, అంటి. కరెంటే లేనప్పుడు బోర్డులో యా కూడలికాడ ఎంత ఉంటాది? సున్నా. దానికి అంచనా అక్కరలేదు, చంటిబిడ్డకు కూడా తెలుసు. ఆ సున్నాను గట్టిగా పట్టుకొని, సప్లయి రొంత పెంచితి. పాత జవాబే కొత్త అంచనా. పక్కనే ఉండాది గాబట్టి బిన్నా, ఒగ నొక్కుకే కుదిరినాది. ఆ కుదిరిన దాన్ని పట్టుకొని ఇంగ రొంత పెంచితి. కుదిరినాది. డయోడ్ ఎగరబోతే చెవి పట్టుకొని, ఒగ అడుగే, అంతకుమించి లేదు, అంటి. అట్ల నడిపించుకొని నడిపించుకొని నిండు వోల్టేజీకి తెస్తి."

"బాగుండాదే," అన్నాడు ఏసుదాసు, మనస్ఫూర్తిగా.

అది నిజంగా బాగున్న సంగతే. ఆ రోజు తెర మీద అంకెలు కుదిరి నిలబడినప్పుడు బావ కుర్చీలోంచి లేచి సురేంద్రను కౌగిలించుకున్నాడు. ఇక్కడ ఆపేస్తే ఎంత బాగుండు అని సురేంద్ర ప్రాణం కొట్టుకుంది. అప్పుడే నెత్తిమీద గాలి తగ్గినట్టనిపించి తలెత్తి చూశాడు. కుళ్లాయప్ప కొట్టులో ఫ్యాను రెక్కలు విడివిడిగా కనబడుతున్నాయి.

బోర్లకు కరెంటు వదిలారు.

సురేంద్ర లేచి రోడ్డు దాటి షెడ్డులోకి పోదామని కదిలాడు. ఉలిగప్ప మణికట్టు వదల్లేదు.

"కంప్యూటర్‌లో కుదిరితే చాలునా అక్కా? నేనట్ల ఊరుకొనేవాణ్ణా? పెనుకొండ సబ్‌స్టేషన్‌కు ఫోన్ కొడితి. సారూ, జిల్లా కరెంటంతా సున్నాకు దించి, నేను చెప్పేకొద్దీ రొంత రొంత పెంచండి, అంటి. నువ్వు చెప్తే కాదంటామా ఉలిగప్పా, అనిరి. దించిరి. పెంచిరి. ఆ పొద్దు హిందూపురంలో ఒగ బల్బు కూడా టప్పని వెలగలేదు. తెల్లవారినట్ల వెలిగినాయి. రైలు గేటుకాడ సిగ్నల్ లైటు ఎరుపు నుంచి పచ్చకు ఒగేసారి మారలేదప్పా. నారింజ, పసుపు, నిమ్మకాయ, చిలకపచ్చ, అన్నీ చూపించి మారినాది. డ్రైవరు రైలు నిలిపి చూస్తా ఉండిపోయినాడు."

"రైలు ఎంతసేపు నిల్చున్నాది?" కుళ్లాయప్ప అడిగాడు.

"ప్యాసింజర్లే పోనీయొద్దండి, చూస్తాం, అనిరి."

పక్క షెడ్డులో మగ్గాల చప్పుడు ఈడ్చుకుంటూ మెల్లబడి, ఆగింది. దాని అవతల షెడ్డు కూడా ఆగింది. ధర్మవరంలో పుట్టినవాళ్లకు ఆ చప్పుళ్లలో ఏది ఎవరి షెడ్డుదో తెలుస్తుందేమో గాని, సురేంద్రకు తెలియదు. ఇంకా ఎక్కడో టకటకమంటూనే ఉంది. అది మాదేనా, ఆ వెనకాల వీధిదా? నలుగురు నేసేవాళ్లు చెమట తుడుచుకుంటూ రోడ్డు దాటి వచ్చి ఉలిగప్ప చుట్టూ నిలబడ్డారు. వాళ్లు ఏ షెడ్డు వాళ్లో అడగడానికి సురేంద్రకు నోరు రాలేదు.

మనుషులు పెరిగితే ఉలిగప్పకు కథ పెరుగుతుంది.

"ఈ సంగతి బెంగళూరుకు తెలిసిపాయ. ఒగ పెద్ద కంపెనీ వాళ్లు, పేరు వద్దులే, బీరువా అంత కంప్యూటర్‌ను లారీలో ఎత్తుకొని వచ్చిరి. వాళ్లకొగ సర్క్యూటు ఎన్నాళ్ల నుంచో కుదరడంలేదంట. మొదటి అంచనా చెప్పండి సార్, అనిరి. నేను కండ్లు మూసుకొని చెప్తి. అంతే అక్కా. అంచనాను దిద్దేపనే లేదు. నేను చెప్పిందే జవాబు. ఆ బీరువా సిగ్గుపడి దానంతట అదే ఆఫ్ అయిపాయ. ఆపొద్దు నుంచి వాళ్లు పొద్దన్నే ఫోన్ చేసేది, నేను పండ్లు తోముకుంటా అంచనాలు చెప్పేది. ఒగసారి నోట్లో పేస్టుండి నేను ఊఁ అంటే, అదే జవాబని రాసుకొనిరి. అదీ సరిపాయ."

నేసేవాళ్లు నవ్వారు. ఏసుదాసు స్తంభం వదిలి దగ్గరికొచ్చి కింద కూర్చున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసునా? నాకు ధర్మవరం మీద మనసు పడినాది. ఈడ మగ్గాలు ఆగిపోతాంటే నాకు నిద్ర పట్టేది కాదక్కా. సరే, ఊరు ఊరంతా ఒగటే సర్క్యూటు అనుకొందాం, అంటి. ప్రతి షెడ్డూ, ప్రతి మోటారూ, ప్రతి బల్బూ, ప్రతి కరెంటు స్తంభమూ. ఒగో కూడలికి ఒగో వరస. గళ్ల పట్టిక తయారైనాది. మాట్రిక్స్ అంటారు. దాన్ని పరిస్తే ఒగ కొస ధర్మవరం స్టేషన్‌కాడ, ఇంగో కొస పెనుకొండ కొండకింద. గొర్లోళ్లు దానిమీద మందను తోలుకొనిపోయిరి. యా కాగితం చాలుతాది దానికి? ఆలోచన చేస్తి. ఆ పట్టికలో గళ్లు శానాభాగం సున్నాలే. ఈ షెడ్డు కూడలికి ఆ పక్క షెడ్డుతో సంబంధముంటాది గాని పెనుకొండలో బల్బుతో ఏం సంబంధం? అంకెలుండేది నడుమన ఏటవాలుగా ఒగ చార, ఆడాడ చుక్కలు. అంటే ఏమైంది? ఒడలంతా సాదా, ఏటవాలు జరీచార, ఆడాడ బుటా. అది పట్టిక కాదబ్బా, చీర."

రంగనాయకమ్మ కళ్లలో ఏదో కదిలింది. "అంచు?"

"పెద్దంచు. అంచు లేకుండా కరెంటు బయటికి కారిపోదా?"

"కొంగు?"

"కొంగు మీద జవాబులు. మాట్రిక్స్‌ను మగ్గానికి డిజైను చెప్పే జకార్డు అట్టలమీద బెజ్జాలుగా కొట్టించి మగ్గమెక్కిస్తి. సున్నా ఉన్నచోట పట్టు, అంకె ఉన్నచోట జరీ. మగ్గం నేస్తా నేస్తా లెక్క చేస్తాది. కొంగుకొచ్చేసరికి ఊళ్లో యా మూల ఎంత వోల్టేజీ ఉండల్లనో జరీలో నేసి చూపించినాది. ఆ ప్రకారం సరిచేస్తిమి. ఇంగ చూడండి. ధర్మవరంలో మగ్గాలన్నీ ఒగే తాళం. శ్రావణమాసమంతా ఒగ ఫ్యూజు పోలేదు, ఒగ పోగు తెగలేదు. జంక్షన్‌లో రైళ్లు టైముకొచ్చినాయి. పాలు కాస్తే పొంగలేదు. అంత నిలకడ. పట్టుచీరలు దూలాలదాంక పేర్చిరి."

చుట్టూ ఉన్నవాళ్లలో ఎవడో ఈల వేశాడు. ఉలిగప్ప ముఖం వెలిగిపోతోంది. సురేంద్ర చెయ్యి చెమటకు జారుతున్నా ఆయన పట్టు జారలేదు.

"యా శ్రావణమప్పా అది?" అంది రంగనాయకమ్మ, చాలా మెల్లగా.

"పోయినేడు కాదక్కా, అంతకుముందేడు."

"అంతకుముందేడు శ్రావణం నాకు బాగా గుర్తుండాది. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే నెలంతా విసనకర్రలు పట్టుకొని కూర్చున్న్యాం. పెండ్లిచీరలు చెప్పుకొన్నోళ్లు వేరే ఊర్లకు పోయినారు. మల్ల నువ్వు ఆడించిన మగ్గాలు యాడియప్పా?"

ఉలిగప్ప తువ్వాలు సర్దుకున్నాడు. "అవి... కంప్యూటర్‌లోవి అక్కా."

"చీరలు?"

"అవీ దాంట్లోనే."

"రైలు గేటు?"

ఒక్కసారిగా టీకొట్టు ఘొల్లుమంది. నేసేవాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు పడి నవ్వారు. "టీకి మాత్రం దుడ్లు ఈడే ఇయ్యల్లప్పా, కంప్యూటర్‌లో ఇస్తే చెల్లదు," అన్నాడు కుళ్లాయప్ప, కళ్లు తుడుచుకుంటూ.

సురేంద్ర నవ్వలేకపోయాడు. అయిపోయింది, ఆర్డరు ఈ నవ్వులోనే కొట్టుకుపోయింది అనుకున్నాడు. ఇంత కోతలరాయుడు చేసిన పెట్టెను ఏ తెలివిగల మనిషి కొంటుంది? బావ మీద మొదటిసారి ఒళ్లుమండే కోపం వచ్చింది. ఆ పట్టు విడిపించుకుని లేచి నిలబడ్డాడు.

"కూర్చో నాయనా," అంది రంగనాయకమ్మ. తర్వాత ఉలిగప్ప వైపు తిరిగింది. "పైకి చూడు."

ఉలిగప్ప తలెత్తాడు. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత మెల్లగా ఈడ్చుకుంటూ తిరుగుతోంది.

"నువ్వు పెనుకొండకు ఫోన్ చేసినప్పటి నుంచి అదట్లే ఉండాది. చూసినావా? చూసుండవు. ఈ పక్క షెడ్డు ఆగినాది, దానిపక్కది ఆగినాది, ఆ వెనక వీధంతా ఆగిపోయినాది. ఇంగ గమ్మునుండి చెవిపెట్టు."

అందరూ ఊరుకున్నారు. వీధిలో ఒక్క షెడ్డే మోగుతోంది. రోడ్డవతల, తలుపులు తెరిచిన రంగనాయకమ్మ షెడ్డు. టకటకా, టకటకా, పొద్దున ఎట్లా మోగిందో అట్లాగే, ఎక్కడా ఈడ్చుకోకుండా. సురేంద్ర బెంచీ మీద కూలబడి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే దాచుకోవాలని కూడా తోచక, ఆ చప్పుడు వింటూ ఉండిపోయాడు.

"ఇంతసేపూ ఇన్ని చెప్పినావు," అంది రంగనాయకమ్మ. "నువ్వు నిజంగా చేసిన పని ఇది ఒగటి. అది నీ కథలో రాలేదు, నీ చెవికీ రాలేదు."

ఉలిగప్ప నోరు తెరిచాడు. తెరిచిన నోటిలోంచి మాట రాకపోవడం సురేంద్ర ఇన్నేళ్లలో చూడలేదు. ఆయన రోడ్డవతలికి చూస్తూ, చిన్నపిల్లాడికి బొమ్మ దొరికినట్టు, నవ్వడం మొదలుపెట్టాడు. తన పెట్టె పనిచేస్తుందని ఆయన అందరికీ చెప్పాడు గాని, అది పనిచేస్తుంటే వినడం ఆయనకు ఇదే మొదటిసారి.

"ఆర్డరు మీదే," అని రంగనాయకమ్మ లేచి కొంగు దులుపుకుంది. "మా అన్నదమ్ముల షెడ్లకూ కలిపి. పెట్టెలు బిగించేదానికి నీ బామ్మర్దిని పంపు. నువ్వు మాత్రం హిందూపురంలోనే ఉండల్ల."

"అదేందక్కా, నేను రాకుంటే ఎట్ల?"

రంగనాయకమ్మ చుట్టూ నిలబడ్డవాళ్లను చేత్తో చూపించింది. వాళ్లలో ఇద్దరు ఆమె చూపు తప్పించుకుని నేల చూశారు. ఏసుదాసు గబగబా లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"వీళ్లల్లో సగం మంది ఆగిపోయిన షెడ్లోళ్లు కాదప్పా, నావాళ్లే. వోల్టేజీ పడిపోయినా నా మగ్గాలు ఆగలేదు. నువ్వొస్తే ఆగుతాయి."